తువ్వాలు కింద ఓడ

బ్రాడీపేటలో డాక్టర్లెక్కువా, కోచింగు సెంటర్లెక్కువా అంటే చెప్పడం కష్టం. సుబ్బరావమ్మ ఇంటికొచ్చే చుట్టాలు మాత్రం ఆ రెండింటినీ కలిపినదానికన్నా ఎక్కువని ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. చీరాల చిన్నాయనకి చెవి నొప్పి, పర్చూరు పెద్దాయనకి పంటి పోటు, మార్టూరు మేనత్తకి మోకాలు. ఏ అవయవం మొరాయించినా అది ముందు మోసుకొచ్చేది ఆవిడ వాకిట్లోకే. డాక్టరుగారికి వాళ్ళు ఔట్ పేషెంట్లు, ఆవిడకి ఇన్ పేషెంట్లు. వాళ్ళకి జబ్బులు, ఆవిడకి పేషెన్సు. ఎంసెట్ కోచింగంటూ దిగబడే పిల్లకాయలు వేరే. వచ్చే తిథి చెప్పనివాడు అతిథి. వెళ్ళే తిథి కూడా చెప్పనివాడు చుట్టం. చుట్టుకుంటాడు గనకే ఆ పేరు.

గుంటూరన్నాక కారం ఉండాలి గదా! ఆ ఇంట్లో మమకారం చుట్టాలది, ఉపకారం మొగుడు వీరాంజనేయులిది, అధికారం బావగారు బుల్లయ్యది. ఉత్త కారం మాత్రం సుబ్బరావమ్మది. కొట్టించడం, జల్లించడం, తుమ్మడం, వండడం, వడ్డించడం అన్నీ ఆవిడే. కాపరానికొచ్చినప్పుడు పట్టుకున్న గరిటె ఇప్పటిదాకా కింద పెట్టలేదు. పెట్టమన్నవాళ్ళు లేరు. పైగా ఆవిడ చేతివంట తిన్నవాడెవడూ ఒక్కసారితో ఆగడు. అదే ఆవిడ గొప్ప, అదే ఆవిడ తిప్ప.

ఆవిడకి ఇంకో అలవాటుంది. ఎవరేమడిగినా "మీ ఇష్టం" అంటుంది. పెళ్ళిచూపుల్లో అంది. కొడుక్కి పేరు పెట్టేటప్పుడు అంది. ఇంటికి రంగు వేయించేటప్పుడు అంటే, బావగారి ఇష్టం ప్రకారం ఇల్లంతా మిరపపండు రంగు పూసి వదిలిపెట్టారు.

రెండువేల మూడులో, ఎండాకాలంలో, ఒక నూనె కంపెనీ పచ్చళ్ళ పోటీ పెట్టింది. కోడలు మాధురి అత్తగారికి మాట మాత్రమైనా చెప్పకుండా జాడీలోంచి గోంగూర పండుమిర్చి పచ్చడి ఒక సీసాకి తీసి, సుబ్బరావమ్మ పేరు రాసి పంపేసింది. శ్రావణమాసం పోయాక కంపెనీవాళ్ళు ఫోను చేశారు. మొదటి బహుమతి! ఇంటిల్లిపాదికీ, అంటే అయిదుగురికి, ఓడ ప్రయాణం. మూడు ఓడల్లో ఇష్టమైనదొకటి ఎంచుకోవచ్చు. సింగపూర్ నుంచి మలేసియా చుట్టొచ్చేది ఒకటి, విశాఖపట్నం నుంచి అండమాన్ వెళ్ళేది ఇంకొకటి, కొచ్చి నుంచి లక్షద్వీప్ తిరిగొచ్చేది మూడోది. ప్రయాణం కార్తీకమాసంలో. ఎక్కడికో శుక్రవారంలోగా చెప్పాలి.

ఇంట్లో సరిగ్గా అయిదుగురే. సుబ్బరావమ్మ, వీరాంజనేయులు, కొడుకు కోటేష్, కోడలు మాధురి, బావగారు బుల్లయ్య. పచ్చడి పెట్టింది ఒకరు, పంపింది ఒకరు. ఓడ ఎటు పోవాలో తేల్చే పని మాత్రం మిగతా ముగ్గురూ నెత్తికెత్తుకున్నారు.

సుబ్బరావమ్మ మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో కోడల్ని చాటుగా అడిగింది.

"ఏమే మాధురీ, సింగపూర్‌లో మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా రాజా అన్నయ్య లేడూ అత్తయ్యా! ఇప్పటికే రెండుసార్లు ఫోను చేశాడు. అత్తయ్యగారొస్తే గుత్తొంకాయ కూర చేయించుకుంటా, స్నేహితులందర్నీ పిలుస్తానంటున్నాడు."

"అండమాన్‌లో?"

"పెద్దమామయ్యగారి వియ్యంకుడి తమ్ముడు. కాంట్రాక్టరు నాగభూషణంగారు."

సుబ్బరావమ్మ గొంతు తగ్గించింది. "మరి ఆ మూడోదాంట్లో?"

"లక్షద్వీప్‌లోనా? ఎవరూ లేరత్తయ్యా. నేను కనుక్కున్నా."

"సరిగ్గా కనుక్కున్నావా? ఎవరి తోడల్లుడో, ఎవరి బ్యాంకు ట్రాన్స్‌ఫరో..."

"తెలుగులో అరిచే కాకి కూడా లేదు."

సుబ్బరావమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా ఉల్లిపాయలు లేవు, మిరపకాయలూ లేవు. ఊరికే తిరిగాయి. ఎవరూ గరిటె చేతికివ్వని చోటొకటి ఈ దేశపు పటంలోనే ఉందని, అక్కడికి ఓడ కూడా వెళుతుందని ఆవిడకి ఆ రోజే తెలిసింది. జీవితంలో మొదటిసారి ఆవిడకి ఒకటి కావాలనిపించింది. ఎంతగా అనిపించిందంటే, ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

ఇక్కడ బుల్లయ్య సంగతి కాస్త చెప్పుకోవాలి. మనిషి బుల్లి కాదు, గొంతు అంతకన్నా కాదు. భార్య పోయి చాలాకాలమైంది. తమ్ముడితో కలిసి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుతున్నాడు. రైతు తెచ్చిన సరుకుని కొనేవాళ్ళకి బేరం కుదిర్చిపెట్టడం ఆయన పని. ఆ బేరం నోటితో కాదు, వేళ్ళతో జరుగుతుంది. కొనేవాడి చెయ్యీ ఈయన చెయ్యీ తువ్వాలు కింద కలుసుకుంటాయి. పట్టుకున్న వేళ్ళని బట్టి ధర. చుట్టూ సంతంతా నిలబడి చూస్తున్నా ఒక్కడికీ అంతుపట్టదు. వేలికి వేలు తగిలితే వేలు రాలతాయి గనక దాన్ని వేలం అన్నారని ఆయన సొంత వ్యాకరణం. యార్డులో పద్ధతులు మారుతున్నాయి గానీ బుల్లయ్య భుజమ్మీద తువ్వాలు మారలేదు. ఉతుకుతారా అని అడక్కండి.

ఆయన భోజనానికి కూర్చున్నప్పుడల్లా చెప్పే కథ ఒకటుంది. ఎవరో పైరాష్ట్రం షావుకారు తువ్వాలు కింద బేరం అయిపోయింది గదా అని, రైతు ఇంకా తలూపకుండానే మిరపకాయల టిక్కీలు, అంటే ఆ గోనె బస్తాలు, కాటా ఎక్కించబోయాడట. బుల్లయ్య పోయి ఆ టిక్కీల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడట.

"ఏమన్నానో తెలుసా? షావుకారూ, బేరం మనది, సరుకు ఆయనది. రైతు ఊఁ అంటేనే కాటా లేవాలి. నచ్చలేదనుకో, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. నువ్వెవడివి, నేనెవడ్ని? అన్నాను! ఘాటుకి తుమ్ములొస్తున్నాయి. అయినా లేచానా? లేవలా!"

ఈ కథ సుబ్బరావమ్మ ఎన్నిసార్లు విన్నదంటే, "తుమ్ములొస్తున్నాయి" దగ్గర నెయ్యి వడ్డిస్తే "లేవలా" దగ్గరికి గిన్నె ఖాళీ అవుతుందని ఆవిడకి లెక్క.

గురువారం రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ మొదలైంది.

"పెదనాన్నా, సింగపూర్!" అన్నాడు కోటేష్ కంచం మీద చెయ్యి ఊపుతూ. "ఓడంటే ఓడ కాదు, ఊరు! లోపలే సినిమా హాలు, ఈతకొలను. సింగపూరెళ్ళొచ్చామంటే సింగంలా తిరగొచ్చు బ్రాడీపేటలో."

"ఒరేయ్, సముద్రం మీదకి పోయి కొలనులో ఈదడమేమిట్రా?" అన్నాడు బుల్లయ్య. "పైగా పాస్‌పోర్టులూ అవీ ఇవీ. అండమాన్! మనవాళ్ళ అండ ఉంది గనకే దాని పేరు అండమాన్. ఎక్కడికెళ్ళినా మనవాళ్ళుండాలి. ఏరా వీరాంజనేయులూ?"

"అంతేగా అన్నయ్యా," అన్నాడు వీరాంజనేయులు. అన్నగారు వాక్యం మొదలుపెట్టకముందే ఆయన 'అంతేగా' తయారుగా ఉంటుంది.

అంతలో ఫోను మోగింది. సాక్షాత్తూ పోర్ట్‌బ్లెయిర్ నుంచి నాగభూషణం. బుల్లయ్య స్పీకరు నొక్కాడు. అక్కర్లేదు నిజానికి. నాగభూషణం గొంతుకి మధ్యలో సముద్రం అడ్డం కాదు.

"బావా! చెల్లెమ్మ వస్తోందటగా! కార్తీకమాసం! ఇక్కడ మన గుంటూరోళ్ళం, ప్రకాశమోళ్ళం కలిసి వనభోజనాలు పెట్టుకుంటాం. ఎన్నేళ్ళయింది బావా సరైన పులిహోర తిని! గాడిపొయ్యి నేను తవ్విస్తా, కట్టెలు నేను కొట్టిస్తా. చెల్లెమ్మ వచ్చి గరిటె పట్టుకోవడమే ఆలస్యం. ఎంత, అరవై మందిమి!"

"మా అమ్మాయికి అరవై మంది ఒక లెక్కా బావా? తవ్వించెయ్!" అన్నాడు బుల్లయ్య.

సుబ్బరావమ్మ చేతిలో పప్పు గరిటె ఆగిపోయింది. గరిటె నుంచి పారిపోదామనుకుంటే గాడిపొయ్యి ఎదురొచ్చింది. ఓడెక్కి, వాంతులు చేసుకుని, అంత సముద్రం దాటి, ఆ చివర పొయ్యి ముందు కూర్చోవాలి. గుంటూరులో కనీసం ఫ్యానన్నా ఉంది.

"ఏమ్మా, నువ్వేమంటావ్?" అన్నాడు బుల్లయ్య ఫోను పెట్టేసి, ఆనవాయితీకి.

గొంతులో లక్షద్వీప్ ఉంది. నాలుక మీద మాత్రం ముప్పై ఏళ్ళ అలవాటుంది.

"మీ ఇష్టం బావగారూ," అంది.

పక్కన మాధురి నుదురు కొట్టుకున్న చప్పుడు వినపడింది. ఆ పిల్లే ధైర్యం చేసింది. "పెద్దమామయ్యగారూ, లక్షద్వీప్ కూడా ఉంది కదండీ."

"అక్కడ మనకెవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండీ. అదే..."

"మరి? ఎవరూ లేని చోటికి పోయి ఏం చేస్తాం? ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటామా?"

"సింగపూర్!" అన్నాడు కోటేష్.

"నీ బొంద! అండమాన్!" అన్నాడు బుల్లయ్య.

"అంతేగా," అన్నాడు వీరాంజనేయులు.

గోల ముదిరింది. పక్కింటివాళ్ళు కిటికీ దగ్గరికొచ్చారు, మూయడానిక్కాదు. చివరికి బుల్లయ్య భుజమ్మీది తువ్వాలు లాగి ఒక్క దులుపు దులిపాడు. గదంతా తుమ్మింది.

"అరవకండి! రేపు ఎవడూ నన్ను బలవంతం చేశాడనకూడదు. యార్డు పద్ధతిలో పోదాం. ఒక్కొక్కళ్ళూ చెయ్యి పెట్టండి తువ్వాలు కింద. ఒక వేలిస్తే సింగపూర్, రెండిస్తే అండమాన్, మూడిస్తే లక్షద్వీప్. ఎవరేమిచ్చారో నాకూ తువ్వాలుకీ తప్ప తెలీదు. తువ్వాలు కింద సంగతి నేను ఇంతవరకూ పైకి చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. లెక్క మాత్రం నిజం చెబుతా."

అది మాత్రం ఎవరైనా నమ్మే మాట. తువ్వాలు మురికైనా బేరం శుభ్రమని యార్డంతా అంటుంది.

వీరాంజనేయులు చెయ్యి పెట్టాడు, చటుక్కున తీశాడు. కోటేష్ పెట్టాడు. పెదనాన్న పట్టు తగిలిందో లేదో, మొహంలో సింగం దిగిపోయింది. మాధురి పెట్టింది, గడ్డం పైకెత్తుకుని. తర్వాత సుబ్బరావమ్మ ముందుకొచ్చింది.

తువ్వాలు కింద చీకటి. ఆ చీకట్లో మొహమాటానికి మొహం లేదు. ఆవిడ మూడు వేళ్ళు చాచి బావగారి అరచేతిలో గట్టిగా గుచ్చింది. బుల్లయ్య కనుబొమలు ఒక్కసారి పైకి లేచి, వ్యాపారస్థుడి కనుబొమలు గనక, వెంటనే కిందికి దిగాయి.

"నాదొకటి అండమాన్. అది అందరికీ తెలిసిందే," అన్నాడాయన తువ్వాలు భుజమ్మీద వేసుకుంటూ. "సింగపూర్‌కి ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేదా?" అంది మాధురి మొగుడి వంక చూస్తూ. కోటేష్ పప్పులో ఏదో వెతుక్కుంటున్నాడు.

"లక్షద్వీప్‌కి రెండు. అండమాన్‌కి మూడు. అయిపోయింది! అండమాన్!"

రెండు వేళ్ళకి మూడు ఓట్లు, మూడు వేళ్ళకి రెండు. సుబ్బరావమ్మకి అర్థమైంది. ఓడ ఎక్కకుండానే ఓడిపోయింది.

"నాగభూషణానికి చెప్పేద్దాం, కట్టెలు ఎండబెట్టుకుంటాడు," అంటూ బుల్లయ్య సంబరంగా కంచం ముందు మళ్ళీ సర్దుకున్నాడు. బేరం కుదిరిన సంతోషంలో ఆయనకి ఆ కథే గుర్తొచ్చింది. "తువ్వాలంటే ఇదిరా కోటేషూ! ఆ రోజు ఆ షావుకారు కూడా ఇలాగే... నేను టిక్కీల మీద కూర్చున్నానా... షావుకారూ, బేరం మనది, సరుకు ఆయనది అన్నానా... ఘాటుకి తుమ్ములొస్తున్నాయా..."

నెయ్యి పడలేదు.

బుల్లయ్య కంచంలోకి చూశాడు, పైకి చూశాడు. సుబ్బరావమ్మ నేతిగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. చెంచా గిన్నెలోనే ఉంది.

"బావగారూ," అంది. "మరి ఈ బేరంలో సరుకెవరిది?"

"ఏం సరుకమ్మా?"

"ఓడ ఊరికే రాలేదు గదండీ. పచ్చడికొచ్చింది. గోంగూర నేను వలిచాను, పండుమిర్చి నేను తొక్కాను. సరుకు నాది. మీరు బేరం చేశారు, బాగుంది. కాటా ఎక్కించేస్తున్నారు. నేను ఊఁ అన్నానా?"



"ఏవేఁ! అన్నయ్య మాటకి ఎదురు..." అంటూ వీరాంజనేయులు లేవబోయాడు.

"నోర్మూసుకుని కూర్చోరా!" అన్నాడు బుల్లయ్య. ఆ కేకకి కిటికీలో పక్కింటివాళ్ళు కూడా కూర్చున్నారు. "రైతు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వెవడివి?"

అని ఆయన సుబ్బరావమ్మ వైపు తిరిగాడు. మొహం ఎర్రగా ఉంది. అన్నేళ్ళుగా చెప్పిన కథ ఇప్పుడు ఆయన కంచంలోకే వచ్చి కూర్చుంది. కాదంటే ఆ కథ ఇంకెక్కడా చెప్పుకోలేడు, యార్డులోనూ, ఇంట్లోనూ. కాసేపు మీసం నమిలాడు.

"ఈ ధరకి ఇవ్వవా అమ్మాయ్?" అన్నాడు. గొంతు యార్డులో రైతుతో మాట్లాడే గొంతు.

"ఇవ్వనండీ. అరవై మందికి గాడిపొయ్యి మీద వండే ధరకైతే ఇవ్వను. కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాను. ఓడా వద్దు, ఏమీ వద్దు."

మాధురి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుల్లయ్య తువ్వాలు మళ్ళీ చేతిలోకి తీసుకుని చాచాడు. "అయితే నీ ధరేంటో చెప్పు. చెయ్యి పెట్టు."

"తువ్వాలెందుకండీ?" అంది సుబ్బరావమ్మ. "నోటితోనే చెబుతా. లక్షద్వీప్."

చెప్పేసింది! ఆ నాలుగక్షరాలూ గొంతులోంచి బయటపడగానే ఆవిడకి నూరు టిక్కీల బరువు దిగినట్టయింది. ఒకటి దిగాక మిగతావీ దొర్లుకొచ్చాయి.

"ఎందుకంటే అక్కడ మనవాళ్ళెవరూ లేరు గనక. ఎవరూ చెల్లెమ్మా అనరు గనక. ఓడలో వంటవాళ్ళు వండుతారట. వాళ్ళెలా వండితే అలా తింటాను. ఉప్పు తక్కువైతే తక్కువే, నేను లేచి వెయ్యను. ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటామా అన్నారు గదా, చూసుకుందాం బావగారూ. వడ్డించేటప్పుడు నాకు మీ కంచాలు కనపడతాయి గానీ మొహాలెప్పుడు కనపడ్డాయి?"

వీరాంజనేయులు 'అంతేగా' అనబోయి, ఎవరికి అనాలో తెలియక ఆగాడు. తర్వాత మెల్లిగా భార్య వైపే తిరిగి, "అంతేగా," అన్నాడు. కాపరంలో మొదటిసారి.

బుల్లయ్య ఫోను దగ్గరికి నడిచాడు. నంబరు నొక్కాడు. ఈసారి స్పీకరు నొక్కలేదు, అయినా అందరికీ వినపడింది.

"బావా, గాడిపొయ్యి పూడ్పించెయ్. బేరం చెడింది... ఏంటీ? కాదు కాదు, షావుకారు కాదు. రైతే ఒప్పుకోలా!"

ఆ మాట చెప్పడంలో ఆయన గొంతులో ఓటమి లేదు. టిక్కీల మీద కూర్చున్నవాడి పొగరే ఉంది. వెనక్కొచ్చి కంచం ముందు కూర్చుని, "ఇప్పుడన్నా నెయ్యి పడుతుందా?" అన్నాడు. సుబ్బరావమ్మ గిన్నె ఆయన ముందు పెట్టింది. "వేసుకోండి బావగారూ," అంది. "మీ ఇష్టం."

*

కార్తీకమాసంలో కొచ్చి రేవులో ఓడ కదిలింది. సుబ్బరావమ్మ సంచిలో చీరలున్నాయి, తలనొప్పి బిళ్ళలున్నాయి, పచ్చడి సీసా లేదు. పచ్చడితో గెలిచిన మనిషి పచ్చడి లేకుండా ప్రయాణం కట్టింది. రెండో రోజుకి ఆవిడ తప్ప అందరూ నాలుకలు చప్పబడి నీరసపడ్డారు. వంటవాడు మలయాళీ. లావుపాటి అన్నం, కొబ్బరి కూర, కొబ్బరి పప్పు, కొబ్బరి కొబ్బరి. సుబ్బరావమ్మ మాత్రం మారు వేయించుకుని తింది. ఇంకొకళ్ళు వండిన అన్నానికి ఇంత రుచి ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర బుల్లయ్య అటూ ఇటూ చూసి, బిడ్డని ఎత్తుకున్నట్టు తువ్వాలు మూటొకటి ఒళ్ళోకి తీసుకున్నాడు. విప్పితే సీసా. లోపల గోంగూర పండుమిర్చి.

"పెదనాన్నా!" అన్నాడు కోటేష్, దేవుణ్ణి చూసినట్టు.

"బావగారూ, పచ్చడి వద్దనుకున్నాం గదండీ?" అంది సుబ్బరావమ్మ.

"నువ్వు వండద్దనుకున్నాం. నేను వడ్డించద్దనుకోలా," అన్నాడు బుల్లయ్య. లేచి నిలబడి, తువ్వాలు నడుముకి చుట్టుకుని, ఒక్కొక్క కంచంలో ఒక్కొక్క ముద్ద పెట్టాడు. మొదటి ముద్ద మరదలి కంచంలో.

ఆ వాసన ఓడంతా పాకినట్టుంది. పక్క బల్ల దగ్గర ఒక పెద్దమనిషి తలెత్తి, ముక్కెత్తి, చివరికి తనే లేచి వచ్చాడు.

"ఏమండీ, మీరు గుంటూరా? మాది ఒంగోలండి!"

అయిదుగురూ బిగుసుకుపోయారు. మాధురి కనుక్కున్నది దీవుల సంగతే గానీ ఓడ సంగతి కాదు. ఒంగోలాయన వెనకే భార్య, భార్య వెనకే చెల్లెలు, ఖాళీ కంచాలతో.

సుబ్బరావమ్మ తన కంచం పట్టుకుని నెమ్మదిగా లేచింది. వాళ్ళకి నమస్కారం పెట్టి, తలుపు తోసుకుని బయట డెక్ మీదకి వెళ్ళి, కమ్మీ పక్కన కుర్చీలో కూర్చుంది. ఎటు చూసినా నీళ్ళే. తీరం కనపడని చోటే తీరికంతా దాక్కుని ఉంది. గాలిలో ఘాటు లేదు, పొగ లేదు. కూర్చుని, వేడివేడి అన్నంలో పచ్చడి కలుపుకుని, తొందర లేకుండా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

లోపల్నుంచి యార్డు గొంతు వినపడింది.

"అమ్మాయ్! సరుకు నీది! ఒంగోలువాళ్ళు అడుగుతున్నారు. పెట్టమంటావా?"

ఒంగోలువాళ్ళు ఎదురుచూస్తున్నారు. బుల్లయ్య చెంచా పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సుబ్బరావమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది, తింది, వేలు నాక్కుంది, సముద్రం వంక ఒకసారి చూసింది. వాళ్ళని అలా కాసేపు నిలబెట్టి, తీరిగ్గా,

"ఊఁ," అంది.